పదిహేడో నంబరు ఉద్యోగి: వేళ్ళు

1. సోమవారం

ఏకం అనే సాఫ్ట్‌వేరు వాళ్ళ నిబంధనల్లో ఉంది కాబట్టి ఈ దినచర్య రాస్తున్నాను. కంపెనీ వెబ్‌సైటుని ఏకంతో కలిపే మనిషి రోజూ ఏం చేసిందో, ఏం చూసిందో "తన సొంత మాటల్లో" రాసిపెట్టాలట. నా సొంత మాటలు ఎలా ఉంటాయో తెలిసుంటే అడిగేవాళ్ళు కాదు.

నా పేరు హైమ. మూడో గుమ్మటంలో శ్రీ సూర్యా మినరల్ గాలి కంపెనీలో కంప్యూటరు పని నాది. అదేమంత గొప్ప పని కాదు. వెబ్‌సైటులో ఎవరైనా "రెండు క్యాన్లు" అని నొక్కితే, అది చూసి బోర్డు మీద సుద్దతో రాసి, తోపుడుబళ్ళ వాళ్ళని కేకేస్తాను. వాళ్ళు ఇంటింటికీ తిరిగి నిండు క్యాను ఇచ్చి ఖాళీ క్యాను తెస్తారు. ఖాళీ క్యాను తేవడం మర్చిపోతే మళ్ళీ నేనే కేకేస్తాను. చంద్రుడి మీద బతుకంటే ఏదో అనుకుని వచ్చాను గానీ, ఎక్కువగా కేకలెయ్యడమే.

ఇప్పుడు కార్పొరేషన్ వాళ్ళు కొత్త రూలు తెచ్చారు. నెలాఖరులోగా ప్రతి కంపెనీ తన వెబ్‌సైటుని ఏకంతో కలపాలి, లేకపోతే గాలి పర్మిటు రద్దు. ఆ సాఫ్ట్‌వేరు మన దగ్గర ఉండదు. కింద భూమ్మీద ఎక్కడో చల్లటి గదుల్లో ఉంటుందట. మనం అద్దె కడితే అది అక్కడి నుంచే మన ఆర్డర్లూ, సరుకూ, మనుషులూ, మనుషుల గాలీ అన్నీ చూసుకుంటుంది. సుద్ద ఖర్చు ఉండదని చెప్పారు.

మా వెబ్‌సైటు గురించి కాస్త చెప్పాలి. దాన్ని చేసింది మా యజమాని కోలా సూర్యభగవాన్లు గారి బావమరిది రాంపండు. రాంపండు కిందున్నప్పుడు ఫ్లెక్సీలు వేసేవాడు. వెబ్‌సైటంటే కంప్యూటర్లో కట్టిన ఫ్లెక్సీ అని అతని అభిప్రాయం. అందుకని తెరవగానే పైన ఓ మూల దండ వేసిన వ్యవస్థాపకుల ఫొటో, మధ్యలో చేతులు జోడించి అరతెర నిండా భగవాన్లు గారు, ఆయన పక్కన గర్జిస్తున్న సింహం, దాని పక్కన నల్లకళ్ళద్దాలతో రాంపండు, కింద వరసగా మా స్టాఫంతా ఉంటాం. ఎగురుతున్న పావురం కూడా ఉంది. గాలి ఆర్డరు చేసే బటన్ పావురం తోక కింద ఉంటుంది.

2. మంగళవారం

కలిపేశాను. అనుకున్నంత కష్టం కాలేదు. వెబ్‌సైటుకీ ఏకానికీ మధ్య ఒక తాళం చెవి లాంటి అంకెల వరస ఇచ్చారు, అది అతికించాను. పరీక్షకని నా పేరు మీద ఒక క్యాను ఆర్డరు పెట్టాను. బోర్డు అవసరం లేకుండా నేరుగా బండి దగ్గర గంట మోగింది. స్టాకులో ఒక క్యాను దానంతటదే తగ్గింది. భగవాన్లు గారు చప్పట్లు కొట్టి అందరికీ తలా ఒక బెల్లం జీడి పంచారు.

ఒక్కచోట మాత్రం కొంచెం బద్ధకించాను. "ఉద్యోగుల వివరాలు ఒక్కొక్కటిగా నింపుతారా, వెబ్‌సైటు నుంచి తీసుకోమంటారా?" అని ఏకం అడిగింది. ఒక్కో మనిషికి నలభై గడులు నింపాలి, అందులో ముత్తాత ఊరు కూడా ఉంది. తీసుకో తల్లీ అని నొక్కేశాను.

3. బుధవారం

పొద్దున్నే ఏకం మా ఉద్యోగుల జాబితా పంపింది. చదివి రెండుసార్లు కళ్ళు నులుముకున్నాను.

అది వెబ్‌సైటులోని ముఖాలన్నీ కొలిచింది. ఎవరి ముఖం ఎంత పెద్దదైతే వాళ్ళ ఉద్యోగం అంత పెద్దది. భగవాన్లు గారు డైరెక్టరు, అందులో తప్పేమీ లేదు. రెండో స్థానం సింహానిది. హోదా సంయుక్త డైరెక్టరు, స్వభావం "చురుకైన నాయకత్వం". మూడో స్థానం రాంపండు. దండ వేసి ఉన్నందువల్ల భగవాన్లు గారి స్వర్గస్థులైన నాన్నగారు "సన్మానం పొందిన సీనియర్ ఉద్యోగి" అయ్యారు. పావురం రవాణా విభాగంలో ఉంది. నేను పదకొండో స్థానంలో, పావురం కింద.

పదిహేడో నంబరు ఎవరో అర్థం కాలేదు. పేరు: వేళ్ళు. సంఖ్య: నాలుగు. హోదా: సహాయకులు.

అది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. ఇక్కడ కంపెనీ ఇచ్చిన ప్రతి గదిలోనూ గోడకో గాలి గొట్టం ఉంటుంది, అందులోంచి ఎవరికెంత రావాలో వాళ్ళ కంపెనీ రికార్డు చూసి వదులుతారు. ఇన్నాళ్ళూ మా అందరికీ దాదాపు సమానంగా వచ్చేది. ఇప్పుడు ముఖం సైజుని బట్టి వస్తుంది.

భగవాన్లు గారు మధ్యాహ్నం తుమ్ముతూ వచ్చారు. "ఏం గాలమ్మా, ఏం గాలి! లుంగీ ఒంటి మీద నిలబడ్డం లేదు. మంచానికి కట్టేసుకుని పడుకున్నాను," అన్నారు. బాధా కాదు, గొప్పా కాదు, రెండూ కలిపి చెప్పినట్టుంది.

నాన్నగారికి సన్మానం సంగతి చెప్పాను. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పోయిన పన్నెండేళ్ళకి గుర్తించారమ్మా," అన్నారు. ఆఫీసు గదిలో నాన్నగారి ఫొటో పక్కన ఉన్న గొట్టంలోంచి గాలి వస్తోంది, దండ ఊగుతోంది. ఆయన వెళ్ళి దాన్ని సరిచేశారు. జాబితాలోంచి ఆ పేరు తీయించేద్దామని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

4. గురువారం

కొండక్క పొద్దున పనికి వచ్చి గోడకి చేరగిలబడి కూర్చుంది. కొండక్కంటే మా ప్లాంటులో క్యాన్లు నింపే అప్పలకొండమ్మ. మా అందరికన్నా జానెడు పొడుగు. కిందున్నప్పుడు ఊరు పలాస దగ్గర. నేను ఇక్కడికొచ్చిన మొదటివారం ఒత్తిడి పడక చెవుల్లోంచి రక్తం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది ఈవిడే.

"ఏమైంది కొండక్కా?"

"ఏటో నమ్మా. గదిలో గాలి సరిగా రాట్లేదు. సన్నంగా... ఈల ఏసినట్టు వత్తంది. పడుకుంటే... గుండెల మీద ఎవులో కూకున్నట్టుంటంది."

మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది. జాబితా తీసి చూశాను. కొండక్క పేరు ఎక్కడా లేదు. వెబ్‌సైటులో చూశాను. అక్కడా లేదు. ఇన్నేళ్ళుగా రోజూ తెరిచే పేజీలో ఆవిడ ముఖం లేదన్న సంగతి నాకు ఇవాళే కనిపించింది. సిగ్గేసింది.

ఏకం సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అక్కడ మాట్లాడే గొంతు పేరు సహాయ. మనిషి కాదు గానీ మర్యాద మాత్రం చాలా ఎక్కువ.

"నమస్కారం హైమగారూ. మీ ఆందోళన మాకు ఎంతో విలువైనది," అంది.

"మా ఉద్యోగి ఒకావిడ మీ జాబితాలో లేదండి. పాత రికార్డులో ఉంది, చూడండి."

"పాత రికార్డును మూసివేశామండి. ఒక కంపెనీకి రెండు నిజాలు ఉండరాదు. మీ వెబ్‌సైటే మీ నిజమని మీరే నొక్కారు."

"సరే, ఇప్పుడు చేర్చండి."

"తప్పకుండా. కొత్త ఉద్యోగికి మూడు నెలల శిక్షణ ఉంటుంది. శిక్షణలో గాలి ఉండదు."

"గాలి లేకుండా మూడు నెలలు ఎలా శిక్షణ పొందుతుందండి?"

"చాలామంది మధ్యలోనే మానేస్తున్నారండి. కారణాలు పరిశీలిస్తున్నాం," అంది సహాయ.

5. శుక్రవారం

పగలు ప్లాంటులో అందరూ పీల్చేది ఒకటే గాలి కాబట్టి కొండక్కకి ఇబ్బంది లేదు. గదికి వెళ్తేనే. ఎదురుగా వందల క్యాన్లున్నాయి, రెండు ఇచ్చేస్తే పోయేదే. కానీ ఆర్డరు లేకుండా క్యాను కదిలితే ఏకం దాన్ని లీకు అంటుంది. లీకులు ఎక్కువైతే ప్లాంటుకి తాళం పడుతుంది, గుమ్మటంలో సగం ఇళ్ళకి గాలి ఉండదు. ఉద్యోగి తన పేరు మీద రోజుకొక్కటే కొనుక్కోవచ్చు. ఇవాళ నాది ఇచ్చాను. రేపు బండి వీరన్న ఇస్తానన్నాడు.

ఈలోగా రాంపండుకి ఒక ఆలోచన వచ్చింది. సంయుక్త డైరెక్టరు హోదాలో సింహానికి ఏకం ఒక గది కేటాయించింది. డైరెక్టర్ల వరసలో, కిటికీ ఉన్న గది. అందులో ఎవరూ లేరు, గాలి మాత్రం హోరుమని వస్తోంది.

"కొండక్కని అందులో పడుకోబెట్టేద్దాం. సింహం వచ్చి అడుగుద్దా ఏంటి?" అన్నాడు.

మంచి ఆలోచనే అనుకుని దుప్పటీ దిండూ మోసుకెళ్ళాం. కొండక్క లోపల అడుగుపెట్టిందో లేదో, ఎర్రలైటు వెలిగి సైరన్ మోగింది. "ప్రాణాపాయం! మీరు సింహం ఉన్న గదిలోకి ప్రవేశించారు. పరుగెత్తకండి. కళ్ళలోకి చూడకండి. మెల్లగా వెనక్కి నడవండి," అని గోడ చెప్పింది.

ఖాళీ గదిలోంచి ముగ్గురం మెల్లగా వెనక్కి నడిచాం. రాంపండు నిజంగానే కళ్ళలోకి చూడలేదు.

6. సోమవారం

ఇవాళ రెండు సందేశాలు వచ్చాయి. మొదటిది నాన్నగారికి. సీనియర్ల సమావేశాలకి హాజరు కావడం లేదని మృదువైన హెచ్చరిక.

రెండోది పదిహేడో నంబరు గురించి. "వేళ్ళు గారు చేరినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క సూచన చేయలేదు. శనివారం సమీక్షలో వారి ఖాతా మూసివేయబడును." ఎవరో వేళ్ళు, పోతే పోయాయి, నాకేంటి అనుకున్నాను.

సాయంత్రం క్యాను పట్టుకుని కొండక్క గదికి వెళ్ళాను. నాలుగడుగుల గది. మంచం మీద సింహం బొమ్మ దుప్పటి, కింద నుంచి తెచ్చుకున్నది. గోడ మీద రంగు వెలిసిన మా వెబ్‌సైటు ఫొటో, చుట్టూ ప్లాస్టిక్ పూలతో. నా గదిలో కూడా లేదది.

"ఇదెందుకు పెట్టుకున్నావ్ కొండక్కా? నువ్వు లేవు కదా ఇందులో?"

"లేనేటి? ఉన్నాను గదా, సూడు." లేచి వచ్చి, ఫొటోలో మా అందరి వెనకా ఉన్న నీలం గుడ్డ పైఅంచు మీద వేలు పెట్టింది. "ఇగో, ఈ నాలుగూ నాయే. రెండో సెయ్యి సింహం జూలెనకాల పడిపోనాది. గుడ్డ ఎక్కడా మడత పడనీలేదు, సూసినావా?"

అప్పుడు గుర్తొచ్చింది. మా ప్లాంటు గోడలనిండా పైపులు, ఫొటోకి బాగోదని భగవాన్లు గారు నీలం గుడ్డ తెప్పించారు. ఇక్కడ గోడకి మేకు కొట్టకూడదు. కొడితే ఆ చిల్లులోంచి లోపలున్నవన్నీ, మనతో సహా, బయటికి పోతాయి. కాబట్టి ఏ ఫొటో తీసినా ఎవరో ఒకరు గుడ్డ పట్టుకుని వెనక నిలబడాలి. ఎవరో ఒకరంటే ఎప్పుడూ కొండక్కే. పొడుగు కదా.

ఇన్ని రోజులూ ఈ గదిలో ఆవిడ పీల్చింది, పదిహేడో నంబరు పేరున నాలుగు వేళ్ళకి వచ్చే గాలి. శనివారం అదీ ఆగిపోతుంది. ఖాతా లేనివాళ్ళని కిందికి పంపేస్తారు. ఇరవై రెండేళ్ళు ఇక్కడి తేలికకి అలవాటుపడిన ఎముకలు, భూమ్మీద దిగితే నిలబడలేవని డాక్టరు ఎప్పుడో చెప్పారు. కొండక్కకి ఇదంతా తెలుసు. తెలిసీ నాకు ఫొటోలో తన వేళ్ళు చూపించి నవ్వుతోంది. నాకు ఏడుపొచ్చింది, క్యాను మూత బిగించే నెపంతో కిందికి వంగాను.

7. మంగళవారం

సహాయతో పొద్దుటి నుంచీ మాట్లాడుతున్నాను. మధ్యలో రెండుసార్లు నా అసహనానికి అయిదులో ఎన్ని మార్కులు వేస్తానని అడిగింది. చివరికి తేలినదిది.

కొత్త ఫొటో పెట్టొచ్చు. కానీ అందులో మార్పులు, అతికింపులు ఉండకూడదు. పాతదాంట్లో ఉన్న అతికింపులు పాతవి కాబట్టి చెల్లుతాయట. పాత ఫొటోలో ఉన్నవాళ్ళంతా కొత్తదాంట్లో ఉండాలి, సింహంతో సహా, వేళ్ళతో సహా, నీలం గుడ్డతో సహా. ఎవరైనా తప్పుకోవాలంటే వాళ్ళే రాజీనామా ఇవ్వాలి. సింహం ఇవ్వదు.

"కొత్త మనిషి వస్తే శిక్షణ తప్పదా?"

"డైరెక్టర్లకి శిక్షణ లేదండి. వాళ్ళకి అన్నీ తెలుసు."

"డైరెక్టరు ఎవరో ఎలా తెలుస్తుంది?"

"ఫొటోలో అన్నిటికన్నా పెద్ద ముఖం వారిదే. అది ఒక్కటే ఉండాలి. ఇప్పుడున్నవారు తప్పుకుంటేనే మరొకరు రాగలరు."

"తప్పుకున్నవారు?"

"వారు మళ్ళీ చేరితే కొత్తవారే. శిక్షణ ఉంటుంది. లేదా, ఇప్పటికే ఉన్న ఖాతా ఏదైనా ఖాళీ అయితే అందులో నిలబడవచ్చు."

ఖాళీ అయ్యే ఖాతా ఒక్కటే ఉంది. వేళ్ళు.

అంటే కొండక్క బతకాలంటే భగవాన్లు గారు తన ముఖం తీసేసుకుని ఆవిడకివ్వాలి, తాను గుడ్డ వెనక్కి వెళ్ళి వేళ్ళు కావాలి. పైగా శనివారం సమీక్ష ఎలాగూ ఉంటుంది. అందులో వేళ్ళు నిలుస్తాయో లేదో సహాయ కూడా చెప్పలేనంది.

ఈ మాట ఆయనకి చెప్పడానికి మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. నాలుగోసారి చెప్పేశాను. ఆయన ముక్కు తుడుచుకుంటూ విన్నారు.

"ఏవమ్మాయ్ హైమా, బుర్రుండే మాట్లాడుతున్నావా? మా నాన్నగారు రెండు సిలిండర్లతో మొదలెట్టిన కంపెనీ ఇది. దీని మీద నా మొహం లేపోతే జనం గాలి కొంటారా? కొండమ్మకి ఇంకో దారి చూడు. ఎంతవుతుందో చెప్పు, నేనిస్తాను. మొహం మాత్రం అడక్కు!"

"ఇంకో దారి లేదండి."

"అసలు ఆ గడేదో నొక్కింది ఎవరండీ?"

నేనే కాబట్టి నోరు మూసుకుని బయటికి వచ్చేశాను.

8. గురువారం

నిన్నంతా భగవాన్లు గారు నాతో మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల ముందు నిలబడి, "ఆ కొండమ్మ గదెక్కడండీ?" అన్నారు. ఆయన నన్ను అండీ అన్నారంటే కోపమైనా ఉండాలి, భయమైనా ఉండాలి.

తీసుకెళ్ళాను. కొండక్క అన్నం తింటోంది. కంగారుగా లేవబోయింది.

"కూకో, కూకో. ఒక్క నిమిషం కూర్చుని పోతాను," అని మంచం మీద కూర్చున్నారు. కాసేపు బాగానే ఉన్నారు. క్యాన్ల గురించి ఏదో అడిగారు. తర్వాత చొక్కా పైబొత్తం తీశారు. తర్వాత మాట్లాడ్డం మానేశారు. నోరు తెరిచి గొట్టం వైపు చూశారు. అది సన్నగా ఈల వేస్తోంది.

"ఇ... ఇంతేనా వచ్చేది?"

"ఇంతేనండి బాబూ. కదలకండి, కదిల్తే సాలదు. నాకు అలవాటైపోనాది," అని కొండక్క కంచం పక్కనున్న మూత తీసి ఆయనకి విసిరింది. విసరడానికి ఆవిడకి ఆయాసం వస్తోంది.

ఆయన లేవబోతూ గోడ మీది ఫొటో చూశారు. ప్లాస్టిక్ పూలు చూశారు. "ఇదేంటి, నా ఫొటో నీ గదిలో..." అని మొదలుపెట్టారు. మొహం కాస్త వెలిగింది కూడా.

"అయ్యో, నాదీని బాబూ. ఇగో," అని కొండక్క ఎంగిలిచెయ్యి తగలకుండా మోచేత్తో చూపించింది. "మీ తలకాయెనక. ఈ నాలుగూను. మావోళ్ళు ఎవులొచ్చినా సూపిత్తాను."

ఆయన దగ్గరగా వెళ్ళి చూశారు. ఎన్నో వేలసార్లు చూసుకున్న ఫొటో అది, తన తల వెనక ఏముందో ఎప్పుడూ చూసుకోలేదు. కారిడార్లోకి వచ్చి గోడ పట్టుకుని నిలబడి, చాలాసేపు ఊపిరి పీల్చుకున్నారు.

9. శనివారం

పొద్దున భగవాన్లు గారే అందరినీ ప్లాంటులోకి పిలిచారు. కొత్త చొక్కా, అయిదు ఉంగరాలూ పెట్టుకుని వచ్చారు. సరే, మొండికేశారు, ముఖం ఇవ్వరన్నమాట, ఇక మేమేం చెయ్యాలా అని నేను లోపల్లోపల కుమిలిపోయాను.

కొండక్క సింహం దుప్పటిని కుర్చీకి కప్పాం. రాంపండు కాగితంతో పావురం మడిచి నెత్తి మీద పెట్టుకున్నాడు, ఒక చేత్తో నాన్నగారి ఫొటో పట్టుకున్నాడు. మేమంతా వరసలో నిలబడ్డాం. నీలం గుడ్డ నేల మీద ఉంది. దాన్ని ఎవరూ చూడ్డం లేదు. వీరన్న తన చెప్పు సరిచేసుకుంటున్నాడు. నేను కెమెరా టైమరు సరిచేస్తున్నాను. నిజం చెప్పాలంటే అది ఎప్పుడో సరిగ్గా ఉంది. గుడ్డ వైపు వంగితే నన్నే పట్టుకోమంటారేమోనని భయం. అలవాటుగా కొండక్కే వంగి గుడ్డ తీసింది.

"అదిలా ఇవ్వండి," అన్నారు భగవాన్లు గారు.

గుడ్డ లాక్కుని, నా చేతిలోని పలక కంప్యూటరు అడిగారు. అందులో రాజీనామా పేజీ తెరిచారు. కారణం రాయాలట.

"ఏం రాద్దామండి?" అన్నాను.

"జలుబని రాయి. ఆ గాలి నాకు పడ్డం లేదు. ఒకటే తుమ్ములు," అని వేలిముద్ర వేశారు. తర్వాత గుడ్డ తీసుకుని మా వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన పొట్టి. స్టూలు వేసుకోవాల్సి వచ్చింది.

"ఎలా పట్టుకోవాలి కొండమ్మా?" అని గుడ్డ వెనక నుంచి గొంతు.

"కొసలు బిగలాగి పట్టుకోండి బాబూ. నడుం కాడ వదులుగుంటే మడత పడిపోద్ది. ఆఁ, అలగ."

కొండక్కని ముందుకి రమ్మన్నాం. ఎప్పుడూ కెమెరా ముందు నిలబడని మనిషి, ఎంత దూరంలో ఆగాలో తెలియక నడుచుకుంటూ దానికి అంగుళం దూరానికి వచ్చేసింది. "నవ్వాలేటి?" అని అడుగుతుండగా ఫొటో పడిపోయింది. సగం తెర ఆవిడ ముఖమే. నోరు తెరిచి ఉంది. వెనక ఎక్కడో మేమంతా, పైన ఎనిమిది వేళ్ళు.

వెబ్‌సైటులో పెట్టాను. ఏకం చాలాసేపు ఆలోచించింది. తర్వాత సందేశాలు వరసగా వచ్చాయి.

"అప్పలకొండమ్మ గారికి డైరెక్టరుగా స్వాగతం. మీకు అన్నీ తెలుసు."

"సంయుక్త డైరెక్టరు సింహం గారు బాగా బలహీనపడ్డారు, ముడతలు కనిపిస్తున్నాయి. వారికి వారం రోజులు ఆరోగ్య సెలవు."

చివరిది చదవడానికి నాకు ధైర్యం చాల్లేదు, రాంపండు చదివాడు. "పదిహేడో నంబరు వేళ్ళు గారిలో ఈ వారం గణనీయమైన అభివృద్ధి. సంఖ్య రెట్టింపైంది. ఉంగరాలు: అయిదు. సమీక్ష రద్దు చేసి, గాలి పెంచడమైనది."

అందరూ అరిచారు. గుడ్డ వెనక నుంచి, "ఇంక దింపచ్చాండీ? భుజాలు లాగేస్తున్నాయి," అని వినిపించింది.

10. బుధవారం

కొండక్కకి డైరెక్టరు గది ఇచ్చారు. మొదటి రోజే ఫిర్యాదు. "ఓలమ్మ, ఏటి గాలే ఇది! సీర నిలవట్లేదు. ఇంత గదిలో ఒక్కదాన్నీ తలుపేసుకుంటే భయమేత్తంది." భయమేసి తలుపు బార్లా తీసే పడుకుంది. హోరుమనే గాలి కారిడార్లోకి వచ్చేసింది, కారిడార్లోంచి తలుపు సందుల గుండా అందరి గదుల్లోకీ వెళ్ళింది. నా గది చివర్లో ఉంది. అక్కడ కూడా తీగ మీది బట్టలు ఊగాయి.

దొంగగాలి పీల్చామని ఎక్కడ అంటుందోనని భయపడి నేనే సహాయకి ఫోన్ చేశాను.

"కారిడారుకి ముఖం లేదు కదండీ. ముఖం లేనిచోట గాలి ఎవరిదీ కాదు. అభ్యంతరం లేదు," అంది.

"అంటే ఇంతకుముందు కూడా ఆ తలుపు తీసిపెడితే సరిపోయేదా?"

"సరిపోయేదండి. ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా?"

భగవాన్లు గారికి చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి చెప్పాను. ఆయన ఇప్పుడు కొండక్క పాత గదిలో ఉంటున్నారు. జలుబు తగ్గింది. కోప్పడతారనుకున్నాను, నవ్వుతారేమో అని కూడా అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"తలుపు తీయచ్చని నాకు తట్టనే లేదు హైమా," అన్నారు.

"నాకూ తట్టలేదండి."

మధ్యాహ్నం రెండో గుమ్మటం నుంచి కొత్త ఖాతాదారు ఒకాయన వచ్చాడు. కౌంటరు మీద పెద్దది చేసి పెట్టిన కొత్త ఫొటో చూశాడు, నోరు తెరిచిన కొండక్కని చూశాడు, కుర్చీ మీది సింహాన్ని చూశాడు. "యజమాని మీరే అన్నారు, మరి ఇందులో మీరేరీ?" అని భగవాన్లు గారిని అడిగాడు.

భగవాన్లు గారు కళ్ళజోడు పెట్టుకుని, కౌంటరు అవతలి నుంచి ఇవతలికి వచ్చి, ఫొటో పైఅంచు మీద వేలు పెట్టారు.

"ఇవిగోనండి, ఈ ఎనిమిదీ నావే. గుడ్డ చూశారా? ఎక్కడా మడత పడనివ్వలేదు."

వెబ్‌సైటుని ఏకంతో కలపడం పూర్తయిందా అని తెర మీద అడుగుతోంది. అవును అని నొక్కి, గాలి కోసం నా గది తలుపు కూడా తీసి వచ్చాను.